కెమెరాకు గడియారం నూనె

మా అమ్మమ్మ కొప్పులో నేను పువ్వెప్పుడూ చూడలేదు, పట్టకారు చూశాను. సన్నటి మొనలున్న, చీమను కూడా నొప్పి తెలియకుండా పైకెత్తగల చిన్న పట్టకారు. అది కొప్పులో ఉంటే అమ్మమ్మ ఖాళీగా ఉన్నట్టు, చేతిలో ఉంటే పనిలో ఉన్నట్టు. "నా పట్టకారు ఎవరు తీశారు?" అని ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచిన ప్రతిసారీ తాతయ్య పేపరు దించకుండానే "తల తడుముకో" అనేవాడు.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమె అలారం గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసింది. పొడవాటి గదిలో రెండు వరసల బల్లలు, బల్లకొక దీపం. అమ్మమ్మది కిటికీ నుంచి నాలుగో బల్ల. గంట కొట్టే చిన్న సుత్తిని, దాని వెనక స్ప్రింగును కూర్చోబెట్టి, ఇరుసులకు సూదిమొనతో ఒక్కో చుక్క నూనె పెట్టి పక్క బల్లకు జరపడం ఆమె పని. "లోకంలో అందరూ నిద్రపుచ్చి పుణ్యం కట్టుకుంటారు, నేను నిద్ర చెడగొట్టి కట్టుకున్నాను" అంటుంది. జనం ఫోన్లలో అలారం పెట్టుకోవడం నేర్చుకున్నాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చివరి రోజు అమ్మమ్మ మూడు వస్తువులు తెచ్చుకుంది: ఆ పట్టకారు, కంటికి తగిలించుకునే భూతద్దం, బొటనవేలంత సీసాలో గడియారం నూనె. వాటితోపాటు ఒక చట్టం కూడా మా ఇంటికొచ్చింది. విప్పిన చెయ్యే బిగించాలి.

ఫ్యాక్టరీలో ఒకరు విప్పిన గడియారాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదట. ఏ స్ప్రింగు ఎంత బిగువుగా ఉందో, ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో విప్పిన వేళ్లకే గుర్తుంటుందట. మధ్యలో భోజనానికి లేస్తే, సగంలో ఉన్న దాని మీద గిన్నె బోర్లించి పోవాలి. బోర్లించిన గిన్నె జోలికి మేనేజరు కూడా వెళ్లడు. ఆ పద్ధతి మా ఇంట్లో మక్కీకి మక్కీ నడిచేది. ఎక్కడ గిన్నె బోర్లా కనిపించినా దాని కింద టార్చిలైటో, తాళం కప్పో, పక్కింటివాళ్ల రేడియోనో పొట్ట విప్పుకుని పడుకుని ఉండేది. అందరి ఇళ్లలోనూ తోమిన గిన్నెలు బోర్లిస్తారు. మా ఇంట్లో అవి వెల్లకిలా ఆరతాయి.

విప్పిన స్క్రూలను ఆమె బట్టల సబ్బు బిళ్లలో గుచ్చేది. మొదట విప్పింది ఎడమ చివర, ఆఖరుది కుడి చివర. సబ్బులో గుచ్చితే స్క్రూ దొర్లిపోదు, పైగా తిరిగి బిగించేటప్పుడు మెత్తగా దిగుతుంది. తాతయ్య బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి చూసుకోకుండా ఆ సబ్బుతోనే యూనిఫాం ఉతుక్కున్నాడట. వీపు మీద మూడు చీలికలున్న చొక్కా చూసి డిపోలో "ఇంట్లో గొడవైందా?" అని అడిగితే, "గొడవ కాదు, రిపేరు" అన్నాడట.

పట్టిందల్లా బాగుచేసిందని కోతలు కోయను. మా సీలింగు ఫ్యాను ఆమె చేతిలో పడ్డాక గాలిని పైకి కొట్టడం మొదలుపెట్టింది. వారంపాటు పైకప్పుకు చల్లగా ఉంది, మాకు చెమటలు కారాయి. "తిరుగుతోందా లేదా?" అని ఆమె వాదన.

ఇక నా విషయం. తొమ్మిదో తరగతి నన్ను రెండుసార్లు చూసింది. మూడోసారి చూసుకోవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. ఆ తర్వాత చాలా చోట్ల చాలా చేసి, పందొమ్మిదో ఏట ఒక సర్వేయరు దగ్గర చేరాను. ఏదైనా వీధి కింద మురుగునీటి పైపు కోసం లోతుగా తవ్వబోతుంటే, ముందే వెళ్లి ఆ వీధిలో ప్రతి ఇంటి గోడలనూ ఫొటో తీయడం నా పని. తవ్వాక గోడ పగిలితే అది పాత పగులో కొత్త పగులో ఆ ఫొటో తేలుస్తుంది. పాతదైతే ఇంటివాళ్ల ఖర్మ. కొత్తదైతే తవ్విన కంపెనీ గోడ కట్టించి ఇవ్వాలి.

ఆఫీసువాళ్లు నాకిచ్చింది జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా. ఫొటోలు చూసుకునే బొత్తం నా ముందు పనిచేసినవాళ్ల బొటనవేళ్ల కింద అరిగి ఎప్పుడో చచ్చిపోయింది. కెమెరా మామూలుగా వెలిగి, లెన్సు పూర్తిగా బయటికొచ్చి నిలబడితేనే తెర మీది మెనూలోంచి లోపలి ఫొటోలు చూడగలం.

ఒక శుక్రవారం ఒక సందులో ఇళ్లన్నీ తీసుకుంటూ చివరి ఇంటికి చేరాను. ఒక్కటే గది. ఆ గదిలో ఉండే ఆవిడ సందంతటికీ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. ఇస్త్రీ బల్ల వెనక గోడ తెల్లగా, నున్నగా ఉంది. ఆవిడే సున్నం వేసుకుందట.

"చూశావా పిల్లా, నా మొహానికైనా ముడతలున్నాయి కానీ దీనికి లేవు" అంది.

అక్కడికొచ్చేసరికి కెమెరాలోని మెమరీ కార్డు నిండిపోయింది. కార్డు తీసేస్తే కెమెరా తన పొట్టలోనే కొన్ని ఫొటోలు దాచుకుంటుంది. అలా తొమ్మిది తీశాను. ఒకదానికి ఇస్త్రీ అక్క అడ్డం వచ్చి నిలబడింది.

"జరుగక్కా, గోడ తియ్యాలి."

"నేను లేకుండా తీస్తే అది నా గోడని ఎవరికి తెలుస్తుంది? తియ్యి, నవ్వుతాను."

నవ్వింది, తీశాను. లెన్సు మూయకుండానే బయటికొచ్చి, తవ్వకానికని పోసిపెట్టిన ఇసుక కుప్ప మీద కాలుజారి పడ్డాను. నాకంటే ముందు కెమెరా పడింది, మూతి ముందుకు పెట్టి మరీ. తీసి దులిపి బొత్తం నొక్కితే లెన్సు కాస్త బయటికొచ్చి, కిర్రుమని ఏడ్చి, వెనక్కి పోయి, ఆరిపోయింది.

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. ఇసుకేగా, రాలిపోతుందిలే అనుకున్నాను. సార్‌కు కార్డు ఇచ్చి, చివరి ఇల్లు సోమవారం తీస్తానన్నాను. సోమవారం పొద్దున వెళ్లేసరికి తవ్వే యంత్రం సరిగ్గా ఇస్త్రీ అక్క గుమ్మం ముందు నిలబడి ఉంది. పని ఆ చివర నుంచే మొదలుపెట్టారు. తవ్వకం మొదలయ్యాక తీసిన ఫొటో చెల్లదు.

బుధవారానికి గోడ పగిలింది. నేల నుంచి కప్పు దాకా, వేలు దూరేంత.

కంపెనీ ఇంజినీరు వచ్చి చూసి, "ఇది పాత పగులు. కాదంటే ఫొటో చూపించండి. శనివారం ఈ చివర గుంత పూడ్చేసి ముందుకు వెళ్లిపోతాం. ఆ తర్వాత నన్నడగొద్దు" అన్నాడు.

"ఈ పిల్ల తీసింది కదండీ! తొమ్మిది తీసింది. నేను నవ్వాను కూడా!" అంది ఇస్త్రీ అక్క. అందరూ నావైపు తిరిగారు. నాకు ఆ పగుల్లోకి దూరిపోవాలనిపించింది. వేలు మాత్రమే పడుతుంది.

సర్వేయర్ సార్ కేకలెయ్యలేదు. దానికే భయం వేసింది. "కెమెరా నీతోనే తీసుకుపో. శనివారం ఫొటో తెస్తే మాట్లాడుకుందాం. తేకపోతే మాటలక్కర్లేదు" అన్నాడు.

గురువారం పొద్దున కెమెరాలు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. అతను దాన్ని పుచ్చకాయలా చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు. "ఈ రకానివి ఇప్పుడు రావడం లేదమ్మా. సామాను దొరకదు. జ్ఞాపకంగా దాచుకో" అని తిరిగి ఇచ్చాడు. ఆ జ్ఞాపకం మాత్రం నాకొద్దు బాబూ అనుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మానాన్నలు పనికి పోయారు. అమ్మమ్మ కిటికీ పక్క బల్ల దగ్గర పొరుగింటి గొడుగుకు ఊచ కడుతోంది.

"అమ్మమ్మా, నువ్వెప్పుడైనా కెమెరా విప్పావా?"

"గడియారం విప్పాను."

"నేనడిగింది కెమెరా."

"అది టైము చూపిస్తుంది, ఇది మనుషుల్ని చూపిస్తుంది. లోపల పళ్లచక్రాలే కదే కోతీ రెండింటికీ! ఇలా తే." బొత్తం నొక్కి, కళ్లు మూసుకుని ఆ కిర్రు విన్నది. "ఇసుక. ఎక్కడ పడేశావు?"

"పడెయ్యలేదు. పడింది."

"ఆహా! బతుకు మీద విరక్తి పుట్టి దానంతటదే దూకిందా?"

అప్పుడు మొత్తం చెప్పేశాను. ఇసుక కుప్ప, నా నోరు మూసుకోవడం, గోడ, శనివారం, అంతా. తాతయ్య పేపరు దించాడు. అమ్మమ్మ తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"ఆవిడ ఇప్పుడెక్కడ పడుకుంటోంది?" అని అడిగింది.

"ఆ గదిలోనే. మంచం ఇవతలి గోడకు జరుపుకుంది."

అమ్మమ్మ లేచి గొడుగు పక్కన పడేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కొచ్చింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కొత్త సబ్బు బిళ్ల పెట్టి, కంటికి భూతద్దం తగిలించుకుంది. "కండక్టరు గారూ, పేపరు చదివింది చాలు. లైటు పట్టండి."

బ్యాటరీ తీసింది. ఒకటి, రెండు, మూడు... పదకొండు స్క్రూలు. గసగసాలంత ఉన్నాయి. సబ్బు మీద వరసగా ఎక్కాయి. వెనక మూత ఊడొచ్చింది. లోపల గడియారంలా లేదు. రిబ్బను ముక్కల్లాంటి పట్టీలు, పచ్చటి పలక, ఫ్లాష్ పక్కన నల్లటి చిన్న గొట్టం. అమ్మమ్మ ఆ గొట్టాన్ని వేలితో పక్కకు నెట్టబోయింది.

టప్పుమంది. భూతద్దం ఎగిరి నా ఒళ్లో పడింది, అమ్మమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఏమైందే! ఏమైంది?" తాతయ్య లైటు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అమ్మమ్మ వేళ్లు విదిలించుకుంటూ కెమెరాను మెచ్చుకోలుగా చూసింది. "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గడియారం నన్ను కరిచింది లేదు. దీనికి చూడు, అన్నం తీసేసినా కోపం పోలేదు."

ఆమెకేం కాలేదని తెలిశాక తాతయ్యకు మాటలొచ్చాయి. "షాకంటే ఏమిటో ఇన్నాళ్లకు తెలిసింది నీకు. నేను పెళ్లైన దగ్గర్నుంచీ తింటున్నాను."

ఫ్లాష్ వెలగడానికి ఆ గొట్టం కరెంటు దాచుకుంటుందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే, దాన్ని ముట్టుకోకూడదని. అమ్మమ్మ దాని మీద టేపు ముక్క అంటించి, కెమెరా మీద గిన్నె బోర్లించి, అరగంట దాని కోపం చల్లారనిచ్చింది.

తర్వాత లెన్సు. ఒకదాంట్లో ఒకటి దూరే మూడు గొట్టాలు. వాటి గాడుల్లో ఇసుక పొడి. నా బడిసంచీలో మిగిలిపోయిన రంగుల కుంచెతో దులిపింది. చిన్నప్పుడు నాకు జలుబు చేస్తే ముక్కులోకి గాలి కొట్టిన రబ్బరు బుడ్డితో ఊదింది. "ఇది నీ ముక్కుకే పనికొస్తుందనుకున్నాను, కాస్త మర్యాదైన పనికీ వచ్చింది" అంది. చివరికి పట్టకారు మొనతో ఒక రవ్వను పట్టి తెల్ల గుడ్డ మీద పెట్టింది. ఒక్క ఇసుక రవ్వ. దాన్ని చూడ్డానికి ముగ్గురం ఒకరి తల ఒకరికి కొట్టుకున్నాం.

బ్యాటరీ పెట్టి నొక్కితే లెన్సు సర్రున పూర్తిగా బయటికొచ్చింది! తెర వెలిగింది. నేను గెంతేలోపలే ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది, అంతే.

"బాగైంది తల్లీ అది. ఛార్జింగ్ పెట్టు. ఈలోపల నేను బిగిస్తాను" అంది అమ్మమ్మ. నేను బ్యాటరీని ఛార్జర్లో పెట్టి, గంటసేపు దాని ముందు కాపలా కూర్చున్నాను. తాతయ్య పేపర్లోకి వెళ్లిపోయాడు. వెనక బల్ల దగ్గర అమ్మమ్మ సన్నగా కూనిరాగం తీస్తోంది. పని సవ్యంగా పూర్తవుతున్నప్పుడు వచ్చే కూనిరాగం అది.

గంట తర్వాత బ్యాటరీ పెట్టి నొక్కాను. లెన్సు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి కిర్రు కూడా లేదు. బురదలో కాలు దిగబడినట్టు నిశ్శబ్దంగా ఆగింది.

అమ్మమ్మ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ విప్పింది. గాడుల్లో నల్లటి జిగురు. పైన రంగురంగుల మెరుపు. తాతయ్య బల్ల మీదకు చూశాడు, నేనూ చూశాను. బొటనవేలంత సీసా మూత తీసి ఉంది. పక్కన సూది.

"నేను నూనె పెట్టానా?" అంది అమ్మమ్మ. మమ్మల్ని కాదు, తన కుడిచేతిని అడిగినట్టు అడిగింది.

తాతయ్య సీసాకు మూత పెట్టాడు.

"ఎప్పుడు పెట్టాను? నాకు గుర్తే లేదే! మూత వేసేముందు నూనె... చెయ్యి దానంతటదే..." ఆగిపోయింది. ఆ గాడుల్లో మిగిలిన కంటికి కనిపించని ఇసుక పొడి నూనెతో కలిసి ముద్దైపోయింది. గడియారానికి ప్రాణం పోసిన చుక్క ఈ కెమెరా గొంతు పట్టుకుంది.

"ముప్పై ఒక్క ఏళ్లు పెట్టిన చెయ్యి. ఇంకొక్క చుక్క పెట్టింది, దానికేం తెలుసు పాపం" అన్నాడు తాతయ్య. వేళాకోళం లేకుండా ఆయన మాట్లాడితే మాకు దిగులేస్తుంది.

అమ్మమ్మ గిన్నె బోర్లించి లేచిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఎవరినీ దేనికీ తిట్టలేదు. ఇల్లు ఎవరిదో అనిపించింది.

శుక్రవారం పొద్దున మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. దూది, స్పిరిట్, పుల్లలు అన్నీ సర్దుకుంది. చెయ్యి మాత్రం వణుకుతోంది. పుల్ల మొన గాడిలోకి దిగకుండా జారిపోతోంది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు.

"నిన్నటి కరెంటు ఇంకా పోలేదు" అంది.

"అది కరెంటు కాదే, ఉక్రోషం" అన్నాడు తాతయ్య మెల్లగా.

"ఇలా ఇవ్వు అమ్మమ్మా, నేను చేస్తాను. రేపే శనివారం" అన్నాను.

"సగంలో ఉన్నదాన్ని ఇవ్వను."

"ఇప్పుడు చట్టాలేమిటి అమ్మమ్మా! గోడ పోతుంది అక్కడ!"

నా కేకకు ఆమె తలెత్తి చూసింది. మళ్లీ కెమెరా మీదికి వంగింది. తర్వాత ఏం చేసిందో చెబితే మీరు నమ్మరు. బిగించడం మొదలుపెట్టింది. జిగురు జిగురుగానే ఉంది, లెన్సు పట్టేసే ఉంది. పట్టీలు, పలక, మూత అన్నీ యథాస్థానంలో పెట్టి, వణికే చేత్తో సబ్బులోంచి ఒక్కో స్క్రూ తీసి, జారితే వెతికి, మళ్లీ జారితే మళ్లీ వెతికి, పదకొండూ బిగించింది. పదిన్నరైంది. నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. తాతయ్య ఉండబట్టలేక అడిగాడు.

"పనిచెయ్యని దాన్ని బిగించి మళ్లీ విప్పడం ఎందుకే?"

"నేను విప్పింది నేను బిగించాను. ఇక దాంతో నాకు సంబంధం లేదు." కెమెరాను గుడ్డతో తుడిచి, కొత్తదాన్ని అప్పగించినట్టు రెండు చేతులతో నాకిచ్చింది. "ఇదుగో, పాడైన కెమెరా. పాడుచేసింది నువ్వు, నేను. ఇప్పుడు నువ్వు విప్పుతావు, నువ్వే బిగిస్తావు. నేను చెయ్యి పెట్టను."

కొప్పులోంచి పట్టకారు తీసి నా ముందు పెట్టింది. నా జన్మలో అది మొదటిసారి. అంతకుముందు దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ వీపు విమానం మోతే.

తర్వాత రెండు అరచేతులూ తన తొడల కిందకు తోసుకుని, వాటి మీద కూర్చుంది.

చెయ్యి పెట్టనంది కానీ నోరు పెట్టనని అనలేదు. "ఊపిరి బిగపట్టకే, చచ్చిపోతావు. మోచెయ్యి బల్లకు ఆనించు. స్క్రూను తిప్పకు, అడుగు. వచ్చేది ఉంటే వస్తుంది. ఆ నల్ల గొట్టం పక్కన వేలు పోనియ్యకు. పోనిచ్చావో, మీ తాత దగ్గర కొత్త జోకుల్లేవు, పాతదే మళ్లీ వినాలి." రెండో స్క్రూ దగ్గర నేను తొందరపడితే ఆమె భుజాలు కదిలాయి. చేతులు మాత్రం కిందే ఉన్నాయి. తాతయ్య లైటు పట్టుకుని, "తొమ్మిదో తరగతిలో ఇందులో పదో వంతు శ్రద్ధ పెట్టుంటే" అని మొదలుపెట్టి, ఇద్దరి చూపులూ పడగానే ఆపేశాడు.

దూది చుట్టిన పుల్లను స్పిరిట్లో ముంచి గాడి వెంట లాగాను. నల్లగా వచ్చింది. ఇంకో పుల్ల. నల్లగానే వచ్చింది. పదమూడో పుల్లకు బూడిదరంగు, ఇరవయ్యో పుల్లకు తెలుపు.

"చాలా?"

"నన్నడుగుతావేం? పుల్లనడుగు."

ఇంకొకటి తిప్పాను. తెల్లగానే వచ్చింది. ఆరనిచ్చి, గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దింపాను. రెండోది మొండికేసింది. నెట్టబోతే అమ్మమ్మ, "నెట్టకు. కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు ముందుకు. మీ తాతను ఒప్పించినట్టు" అంది. వెనక్కి తిప్పి ముందుకంటే టక్కున కూర్చుంది. తాతయ్య ఏదో అనబోయి నవ్వేసి ఊరుకున్నాడు.

నూనె సీసా బల్ల మీద లేదు. ఎక్కడ దాచిందో నేనడగలేదు.

పదకొండో స్క్రూ బిగించేసరికి మధ్యాహ్నం మూడు. బ్యాటరీ పెట్టాను. నా చేతులూ వణికాయి, అప్పుడు తెలిసింది అది ఉక్రోషమా కరెంటా అని. రెండూ కాదు, గోడ భయం. నొక్కాను.

లెన్సు బయటికొచ్చింది. ఒకటి, రెండు, మూడు గొట్టాలూ. నిలబడింది. తెర వెలిగింది.

ముందుజాగ్రత్తగా ఖాళీ కార్డు పెట్టి, పొట్టలో ఉన్నవి కార్డులోకి పంపమన్నాను. తాతయ్య తెర మీద అంకెలు మారడం చూస్తూ పాత గొంతు తీశాడు. "ఒకరు ఎక్కారు... ముగ్గురు... ఆరుగురు... తొమ్మిది మందీ ఎక్కారు. రైట్ రైట్!"

తర్వాత ఒక్కొక్కటే చూశాం. నాలుగోదాంట్లో ఇస్త్రీ అక్క పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. వెనక గోడ. కింద మూలన తేదీ. అమ్మమ్మ అప్పుడు చేతులు బయటికి తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని తెర మీదికి వంగింది. లెన్సు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఎంత శుభ్రంగా ఉంచుకుంది!" అంది.

నేను వెనక నుంచి ఆమె మెడ చుట్టూ చేతులేశాను. నాకు పొగడడం రాదు. ఇంట్లో ఎవరికీ రాదు, అలవాటు లేదు. "ముసలీ, నువ్వు లేకపోతే నా పనీ ఆ గోడా రెండూ పోయేవే" అన్నాను.

"థాంక్సు చెప్పే మొహం చూడు. రేపు మళ్లీ పడేస్తావుగా" అంది. విడిపించుకోలేదు మాత్రం.

శనివారం పొద్దున సర్వేయర్ సార్, నేను సందు చివరికి వెళ్లాం. ఇంజినీరు ఫొటోను పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు, తేదీ చూశాడు. మిగతా ఎనిమిదీ చూశాడు. ఇస్త్రీ అక్క ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూసింది.

"అదుగో, నేనే. చెప్పానా నవ్వానని!"

ఇంజినీరు మనుషుల్ని పిలిచి, గుంత పూడ్చే ముందు ఆ గోడకు దుంగలు ఆనించమన్నాడు. సోమవారం నుంచి పాత ఇటుకలు తీసి కొత్త గోడ మొదలుపెడతామని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని చదవలేదు. బల్ల మీద పరిచి, పైన గుడ్డ వేసి, నలగకుండా ఇస్త్రీ చేసింది.

నా ఐదు రోజుల మౌనానికి సార్ దగ్గర చీవాట్లు తిన్నాను. ఉద్యోగం మాత్రం మిగిలింది. ఇవాళ్టికీ అదే పని చేస్తున్నాను. కెమెరా ఏ మాత్రం నలతగా కనిపించినా ఆ రోజే చెప్పేస్తున్నాను.

గోడ పూర్తయ్యాక కొత్త గోడ ఫొటో కూడా తీసి ఫైల్లో పెట్టాలి. ఆ రోజు అమ్మమ్మ నాతో వస్తానంది. అసలే మోకాళ్ల నొప్పులు, ఎందుకని తాతయ్య అంటే, "నేను ఫొటోలోనే చూశాను, అసలు గోడను చూడొద్దూ?" అంది. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఇస్త్రీ అక్క కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది, "పెద్దమ్మా, నీ చేతులకు దణ్ణం" అంది. అమ్మమ్మ తడబడి, "నావి కాదమ్మా, దీనివి. నావి నూనె పోసిన చేతులు" అని నన్ను ముందుకు నెట్టింది. తను కుర్చీలో కూర్చోకుండా గోడ దగ్గరికి పోయి, చెంప ఆనించి ఒంటికన్నుతో వంకరుందేమోనని చూసింది. మేస్త్రీని పిలిచి, పై వరసలో రెండో ఇటుక పొంగిందని చెప్పింది. అతను కాదన్నాడు, ఆమె అవునంది. ఆ గొడవ మధ్యలోనే నేను ఫొటో తీశాను.

మర్నాడు సార్ ఫైలు తిరగేస్తూ ఆ ఫొటో దగ్గర ఆగాడు. కొత్త గోడ మొత్తం కనిపిస్తోంది, కుడి అంచు నుంచి మాత్రం ఒక చెయ్యి పై వరస ఇటుకను వేలెత్తి చూపిస్తోంది.

"ఈ చెయ్యి ఎవరిది?"

"మా మెకానిక్‌ది సార్. మళ్లీ తియ్యమంటారా?"

సార్ ఆ వేలు చూపిస్తున్న చోటును దగ్గరగా చూశాడు. "అక్కర్లేదు. ఈ చెయ్యి చెప్పింది నిజమే, ఆ ఇటుక పొంగింది" అని, మేస్త్రీకి కబురు పంపాడు.